పదకొండు వందల గ్రాముల కిలో

నేను కొట్టిన చెంపదెబ్బ
అవతలి ఒడ్డు దాక వినపడ్డదంటరు.
అబద్ధం. ఆ పొద్దు గాలి ఎదురుంది.

సేటు కాంటా కాడ కూసునేటోడు పోలయ్య,
వైజాగ్ కాలనీ మనిషి.
వాళ్ల తాతలు సాగర్ కట్ట కట్టనీకె వచ్చి
కట్ట అయిపోయినంక
మా కృష్ణ నీళ్లనే పట్టుకొని ఉన్నరు.
వాళ్లు "ఏటీ" అంటరు, మేం "ఏందీ" అంటం.
చేపకు రెండూ సమజైతయి.

నా రవ్వలు కాంటా ఎక్కినయి.
తొమ్మిది కిలోలన్నడు.
పది ఉంటయని నా చేతికి తెలుసు.
మొగుడు పోయిన ఏడు
పిల్లగాన్ని చంకనేసుకొని
ఒంటిగ పుట్టి గుంజిన చేయి ఇది.
బాటు తిరగేసిన.
అడుగున తొలిచి సీసం పోసిండ్రు,
మీద ఇంత మసి పూసిండ్రు.
అటెనక ఏమైందో నేను చెప్పను,
ఒడ్డు మొత్తం చెప్తది.

మూడొద్దులకు సేటు పోలయ్యనే ఎల్లగొట్టిండు.
మోసం సేటుది, దెబ్బ పోలయ్యది.
ఆ సంగతి నాకు ఆ రాత్రే తట్టింది గాని
ఒప్పుకోనీకె ఆరేండ్లు పట్టింది.

వాని పెండ్లాం ఇడిసిపెట్టి భీమిలి పోయిందని,
వాడు తాగి పుట్టిల పండి
గాలి ఏడికి తోలితే ఆడికి పోతున్నడని
వినుకుంటనే ఎండు చేపలు తిరగేసిన,
దేవరకొండ అంగట్ల బేరాలాడిన,
పిల్లగాని పెండ్లి చేసిన.
ముసురు పట్టంగనే
కొట్టిన చేయి గుంజుతది.
అది వాతం. ఇంకోటి అనుకోకుండ్రి.

మొన్న ఎండాకాలం నీళ్లు బాగ దిగి
మునిగిన ఊరు తేలింది. గోడల మొదళ్లు,
మా అవ్వ రోలు,
రోట్ల ఇంత బురద, బురదల ఒక జెల్ల పిల్ల.
నేను రోలు కడుగుతున్న.
ఎనకకెళ్లి దగ్గు.

పోలయ్య. గడ్డం నెరిసింది.
చొక్కా గుండీలు వరస తప్పకుండ పెట్టుకున్నడు,
తాగుడు మానిండని గుండీలే చెప్పినయి.
సంచిలకెళ్లి తీసి రోలంచున పెట్టిండు
ఆ బాటే.
"తోలీసినప్పుడు ఇదొక్కటే ఎత్తుకొచ్చీసినాను.
ఏట్లో ఇసిరీదామనుకున్నాను.
సెయ్యి రానేదు, అండాలూ."

నేనేమనాలె?
"సీసం ఏది?" అన్న.
గుడ్డ మూట ఇప్పిండు.
కరిగించి పోసిన వల గుండ్లు, పదహారు,
చింతగింజలంత, ఒక్కోటి ఒక్కో తీరు.
"మీ వలకని."

బాటు తిరగేసి చూసిన. ఉట్టి తొర్ర.
"గట్లయితే ఇప్పుడు దీనితోని తూస్తే
సేటే మునుగుతడు గద" అన్న.
నవ్వొచ్చింది, నవ్వాలని కాదు.
వాడూ నవ్విండు. పక్కపన్ను ఒకటి లేదు.
నా దెబ్బకేనా అని అడగలే.
ఇప్పటికీ అడగలే.

ఆడిబిడ్డ మాత్రం అడిగింది:
"వాడు మన కులమా, మన మాటనా?
నలభై తొమ్మిదేండ్లకు నీకిదేం పుట్టె?"
చెప్పనీకె నాకూ తెల్వదు.
కోడలు ఏమనలే.
ఆ రాత్రి పులుసుల తలకాయ ముక్క
వేరే గిన్నెల తీసి మూత పెట్టింది.

గుండ్లు వలకు కుట్టనీకె రెండు మాపులు పట్టింది.
ఇప్పుడు వాడు పుట్టి తిప్పుతడు, నేను వల ఇడుస్త.
తెల్లారకముందు నీళ్లకు రంగుండదు,
తెడ్డు చప్పుడే దారి.
పెద్దగ మాట్లాడుకోం.
"ఏటీ" అంటడు.
"ఏందీ" అంట.
గంతే, గంట గడుస్తది.

నిన్న కొత్త సేటు వచ్చిండు, కాంటా మాత్రం పాతదే.
మా రవ్వలు ఎక్కినయి.
పోలయ్య చూపు బాటు మీదికి పోయింది,
నా చూపు పోలయ్య మీదికి.
ఒంగిండు. అందరి ముంగట
బాటు తిరగేసి బొటనేలుతోని అడుగు తడిమిండు.
నున్నగుంది.
"సరిగ్గానే ఉన్నాది" అన్నడు,
నాకొక్కదానికే వినపడేటట్టు,
చెంప నిమురుకుంట.