రెండో కణుపు దాకా

గడియారం చౌరస్తా వెనక గల్లీల
మెట్లెక్కితే పండ్ల దవాఖాన.
నేను టోకెన్లు రాస్త, పేర్లు పిలుస్త.
కిటికీ పక్కన ప్లాస్టిక్ కుండీల ఫైకస్ చెట్టు,
నా భుజం ఎత్తు.
ఓపెనింగ్ నాడు ఎవరో ఇచ్చిన్రు,
ఎర్ర రిబ్బన్ ఇంకా కొమ్మకే ఉండె.

ముందు నాలుగు ఆకులు పసుపెక్కి రాలినయి.
ఎండకనుకున్న. చెంబెడు పోసిన.
మర్నాడు పిడికెడు రాలినయి.
రెండు చెంబులు పోసిన.
పెంటమ్మ ఇల్లు తుడిచి బకెట్ల మిగిలింది పోసేది,
కూసున్నోళ్లు సీసా అడుగు నీళ్లు ఒంపేటోళ్లు,
ఒక పిలగాడు పుక్కిలించిన మందునీళ్లు
ఎవరూ చూస్తలేరని అండ్లనే ఊసిండు.
ఎండుతుందని అందరం జాలిపడ్డం.
జాలి చేతిల ఎప్పుడూ చెంబే ఉంటది.

నేను మర్రిగూడ దిక్కుదాన్ని.
చెట్లు ఎట్ల చస్తయో నాకు తెల్సనుకున్న.
బోరు గాలి కక్కినంక
బత్తాయి తోట నిలబడే కట్టెలైంది,
మా నాయిన దాన్ని బండ్ల లెక్కన అమ్మిండు.
నీళ్లెక్కువై చచ్చే చెట్టుందంటే
నవ్వేదాన్ని.

నర్సరీ జానీమియా
దవడ పట్టుకొని వచ్చిండు ఒకనాడు.
టోకెన్ తీసుకోకముందే
వంగి కుండీ మట్టి వాసన చూసిండు.
"దీనికి దూప గాదు బిడ్డా,
మునుగుతుంది."

మధ్యాహ్నం మేడం అన్నానికి పోయినంక
పేపర్లు పరిచి చెట్టును పండబెట్టినం.
కుండీ గుంజితే
మట్టి కుండీ ఆకారంలనే బయటికొచ్చింది,
మోరీ వాసన.
వేరును రెండేళ్లతోని పట్టి లాగితే
తోలు ఊడి చేతికొచ్చింది,
లోపల నానిన దారం.
అడుగున బొక్కకు ధర చీటీ
అతికించింది అతికించినట్టే.
మూడేండ్లు.

కత్తెరను స్పిరిట్ల తుడిచిన.
ఒక్కో వేరుకు ఒక్కోసారి తుడిచిన.
నల్లగ, మెత్తగ ఉన్నది పోవాలె,
తెల్లగ, గట్టిగ తలిగింది ఉండాలె.
ఉన్నది సగమే.
"సగం వేర్లు సగం కొమ్మలనే మోస్తయి,
పైన గూడ కొయ్యి," అన్నడు జానీమియా.
రిబ్బన్ కొమ్మ కాడ చెయ్యి ఆగింది.
దాన్నే ముందు కోసిన.

విశారద మేడం వచ్చి తలుపుల నిలబడి
"వేర్లకు వైద్యం నువ్వే మొదలువెట్టినవా?" అని
తన ట్రే నా దిక్కు జరిపింది.

కోసినకాడ రాగిమందు పొడి.
నీడల గంటసేపు ఆరుడు.
పాత మట్టి గిన్నెడు గూడ మిగలకుంట పారబోసుడు.
ఈసారి మట్టికుండీ, చిన్నది, చెమటపట్టేది.
ఎర్రమట్టి, దొడ్డు ఇసుక, కొబ్బరిపీసు,
కింద రెండు ఇటుక ముక్కలు,
నీళ్లు పోయి నిలవకుంట.
ఎరువు? కాటికి పోయి తిరిగొచ్చినోనికి
దావత్ పెడతరా, అన్నడు.
వేలు దింపు. రెండో కణుపు దాకా
పొడిగ తలిగితేనే పొయ్యి.
పోసినంక పళ్లెంల దిగింది పారబొయ్యి.

గోడకు అట్టముక్క కట్టిన:
నీళ్లు పొయ్యొద్దు.

మా దిక్కు ముసలామె, ముత్యాలమ్మ,
పండ్లకు నా లెక్కనే గారలు,
నడుము కొడవలి లెక్క వంగింది,
మనవరాలితోని ఆ అట్ట చదివించుకొని
నా దిక్కు చూసింది.
"నీళ్లు పొయ్యొద్దని రాసుకునే కాలం
ఎప్పుడొచ్చిందే?"

ఏం జెప్పాలె.
ఆ నీళ్ల కోసమే మనం మైళ్లు నడిచినం,
ఆ నీళ్లే మన బొక్కలల్ల కూసున్నయి.
అది చెప్పలే.
ఆమె చెయ్యి పట్టి మట్టిల పెట్టిన,
చూడవ్వా, ఇంకా తడుంది.
ఆమె వేలు చాపరాదు.
ఒక్క కణుపే దిగింది.
అక్కడ పొడిగనే ఉంది.
"అబద్ధమాడుతున్నవ్," అన్నది.

ఇయ్యాల పదకొండో దినం.
కొత్త ఆకు రాలే.
ఉన్న ఆకూ రాలలే.
పొద్దున చెంబు పట్టుకొని దానికాడికి పోయిన,
వేలు దింపిన, తీసిన,
తడిని కొంగుకు తుడుసుకున్న.
చెంబు ఎత్తి నేనే తాగిన.