ఆరంగుళాలు

తమ్మీ, ముందుగాల జాగ చూడు.
బండి యాడ ఆగితే ఆడ పొయ్యనియ్యకు.
ఈ పొద్దు కుప్ప నోరు గా రెండు ఎర్రజెండాల నడుమనే.
ఇరవై గజాలు.
ఒక్క గజం ఎక్కువ తెరిచినవంటే
పొద్దుమీకినంక కప్పలేక సస్తవు.

ఐదింటికే మొదటి లారీ.
అంబర్‌పేటనా, మెహిదీపట్నమా,
కాయితం చూడకుండనే చెప్తది నాగులమ్మ.
రంజాన్ నెలంత బొక్కలు,
దసరా తెల్లారి గుడిమల్కాపూర్ బంతిపూలు,
ఇంకా వాడనివి, బుట్టలకు బుట్టలు.
ఎండకాలం మామిడి టెంకలు.
డైపర్లకు మాత్రం కాలం లేదు.

నాగులమ్మ చెయ్యి లేపిందంటే ఇంజన్ ఆగాలె.
ఎందుకని అడగొద్దు.
ఓసారి నేను అడగకుండ ఆపినందుకే
కాంటా కాడ ఆ తెల్లకుక్క
ఇయ్యాల నీ బూట్లు నాకుతున్నది.

ఇగ తొక్కుడు.
పెనం మీద దోసెపిండి లెక్క పల్చగ పరువు,
మోకాలు మందం దాటొద్దు.
పండ్ల చక్రాల బండిని కిందికెల్లి పైకి ఎక్కియ్యి,
మూడుసార్లు, నాలుగుసార్లు.
లెక్క మతిల లేకున్నా ఫికరు లేదు,
నీ నడుము చెప్తది.
మొదటిసారి దూది పరుపు మీద పోయినట్టుంటది,
నాలుగోసారికి పొలం గట్టు.

మన్ను సంగతి వేరే.
మూడింటికి ఫోన్ చెయ్యి, నాలుగింటికి తిట్టు,
ఐదింటికి బతిమాలు.
అది కోకాపేట దిక్కుకెల్లి రావాలె.
ఆడ నలభై అంతస్తులు లేవాలంటే
ముందు నాలుగు అంతస్తులు కిందికి తవ్వుతరు గదా,
గా మొరమే మనకు.
పైకి పొయ్యేటోళ్లు తీసిన మన్ను
వాళ్లు పారేసినదాని మీదికే వస్తది.
ఈ మాటంటే సైటు ఇంజనీరు మేడమ్ నవ్వింది:
"మైసయ్యా, ఆరంగుళాలు పొయ్యి చాలు.
ముచ్చట్లు ఏడో అంగుళం."

పోయిన ఆషాఢంల ఒకనాడు మన్ను రాలేదు.
ఔటర్ మీద టిప్పర్ బోల్తా వడ్డదన్నరు.
పైన వాన.
ఉన్న పట్టాలన్ని గుంజి రాళ్లు పెట్టినం,
గాలి రాళ్లను గూడ లెక్కచెయ్యలేదు.
రాత్రంత కుక్కలు గుంజులాడినయ్,
తెల్లారెటాలకు గద్దలు, కొంగలు,
ఒకటే పీకుడు.
కట్ట కింద నీళ్లు
మూడుసార్లు కాగిన డికాషన్ లెక్క కారినయ్.

డ్యూటీ దిగి ఇంటికి పోతే
నా బిడ్డ వనజ కిటికీ మూసుకొని,
ముక్కుకు చున్నీ కట్టుకొని
లెక్కలు చేస్తున్నది.
తల ఎత్తలేదు.
"నాయినా, రాత్రి మూత పెట్టలేదా?"
అని అడిగింది,
కూరగిన్నె సంగతి అడిగినట్టు.

మన బండి రాలేదనో, వానవడ్డదనో
చెప్పొచ్చు.
నేను పోయి కాళ్లు కడుక్కున్న.

అందుకే చెప్తున్న,
ఆఖరి బకెట్ పోసినంక ఎంటనే పోకు.
ఇంజన్ బందు పెట్టి దిగు.
వాలు చూడు, వాన పక్కకు జారాలె, లోపలికి దిగొద్దు.
గొట్టాల మూతుల మీద మన్ను పడితే దులుపు,
లోపల అది గూడ ఊపిరి తీస్తది.
ఇగ చెప్పులు ఇడిచి నడువు.
అవును, ఇడిచే.
పాదం కింద పాలిథిన్ కిరకిర అన్నదంటే
ఇంకో బకెట్.
సప్పుడు లేకుండ చల్లగ తాకితే
అది ఆరంగుళాలు,
టేపు అక్కర్లేదు.

గంతే.
కాదు, ఆగు, మర్సిన,
ఎర్రజెండాలు పీకి
పదిగజాలు అవతల పాతు.
రేపు ఆడ తెరుద్దాం.