జీతం పట్టీల నాలుగో పేరు

శుక్రవారం నమాజు అయినంక
రహమతున్నీసా వస్తది, ల్యాప్‌టాప్ సంచి భుజానేసుకొని.
కావలి పిల్ల. చిన్న చిన్న దుకాండ్లకు లెక్కలు రాస్తది.
ఆమె కూసునేటందుకు నా దగ్గర ఓ సోఫా ఉన్నది,
గిరాకి మళ్ల రాని సోఫా,
ఒక కాలి కింద రెండు పాత క్యాటలాగులు.

అజ్మాన్ సనయ్యల నాది పదకొండో షెడ్డు.
బోర్డు మీద నాకే నోరు తిరగని పేరు,
చివరన ఎల్.ఎల్.సి.
పదమూడేండ్లు ఆ మూడక్షరాలను
డాక్టరు పేరు వెనక డిగ్రీ అసొంటివి అనుకున్న.

"కంపెనీ వేరు, మీరు వేరన్నా.
చట్టం ముందర అది ఇంకో మనిషి.
లాభం దానిది, పన్ను దానిది.
అప్పయినా దానిదే, మీ ఇంటి గడప దాకా రాదు."
"షెడ్డు కిరాయికి నా సొంత చెక్కులు ఇచ్చిన గదా" అన్న.
ఆమె కొంచెంసేపు ఏం మాట్లాడలే.

ఇంకో మనిషి.
మరి ఈ నడుం నొప్పి ఎవరిది?
ఫోము దుమ్ముకు రాత్రంత దగ్గేది ఎవరు?

అట్టడబ్బ కుమ్మరించిన.
ఎండకు అక్షరాలు ఎగిరిపోయిన బిల్లులు,
దీపం ముందర పెట్టి చదువుతది పిల్ల.
రెక్సిన్, ఖర్చు.
ఇద్రీస్ వీసా, ఖర్చు.
చెల్లె బిడ్డ నర్సింగు ఫీజు?
"అది ఖర్చు కాదన్నా. మీరు వాడుకున్నది."
వాడుకున్నది.
ఆ మాట పిన్ను లెక్క దిగింది, పైకి కనబడకుండ.

బిస్కట్ల డబ్బ కూడా తెచ్చి పెట్టిన.
సోఫాలు విప్పినప్పుడు సందుల దొరికిన చిల్లర,
ఓ కువైటీ నాణెం, ఒంటి చెవికమ్మ.
"ఇదేం పద్దు?"
అప్పుడు నవ్వింది. "ఇతర ఆదాయం."
కమ్మ మాత్రం డబ్బలనే ఉంచిన,
జోడు వెతుక్కుంట ఎవరన్న వస్తరేమోనని.

లాభం మూడు లక్షల డెబ్బై అయిదు వేల దాక సున్నా,
ఆపైన దానికి నూటికి తొమ్మిదట.
మన రాబడి చిన్నది, ఉపశమనం ఉన్నదట,
కాని ఫారంల అడిగితేనే.
అడగందే అమ్మన్న పెట్టది, సర్కారు పెడ్తదా.
"ఎప్పటికీ ఉండదది. ఇప్పుడే సర్దుకోవాల.
జీతం పట్టీ చూపించండి."

ఇద్రీస్. తారిఖ్. పోశాలు.
"మీది?"

నాదేముంటది.
గల్లాల చెయ్యి పెడితే వచ్చినంత.
రాని నెల రాదు.

"పని చేస్తున్నారు కదా, జీతం రాసుకోవచ్చు. అది ఖర్చు.
కానీ ఇదే పని బయటోడు చేస్తే ఎంతిస్తారో అంతే రాయాల.
ఎంత రాయమంటారు?"

మూడు సీట్ల సోఫా చూడంగనే రేటు చెప్త.
మజ్లిస్ గోడ పొడుగు కాళ్లతో కొలిచి చెప్త.
వచ్చిన కొత్తల పఠాన్ దగ్గర తొమ్మిది వందలు,
ఆయన ఇచ్చింది, నేను తీస్కున్న.
నా రేటు ఇంత అని నోటితోని ఎన్నడన్న అన్ననా?

పోశాలు పండ్ల నడుమ పట్టుకున్న పిన్నులు తీసి,
తల ఎత్తకుండనే,
"అయిదు వేలకు తక్కువ రాయకు బిడ్డా.
ఆయన లెక్క మూల మడత పెట్టేటోడు
ఈ సనయ్యల లేడు."
ఫ్యాను ఒక్కటే తిరిగింది కొంచెంసేపు.

వోచరు మీద రెండు గీతలు.
చెల్లించినవారు: కంపెనీ ముద్ర,
బ్యాంకుల పెట్టే అదే గిలుకుడు సంతకం.
అందుకున్నవారు:
చెయ్యి ఆగింది.
మెట్‌పల్లి బడిల పలక మీద రాసినట్టు
నిదానంగ, తెలుగుల, గాజెంగి నారాయణ.
దీర్ఘం జరంత గీత దాటింది.

గల్లా తెరిచి లెక్కబెట్టిన.
మళ్ల లెక్కబెట్టిన.
నాలుగు వేల అయిదు వందలే ఉన్నయి.

అంగి జేబుల పెట్టుకొని అన్న,
రాయి, రహమతున్నీసా,
కంపెనీ నాకు బాకి.