గోళ్ళరంగు గీత

ఆదివారం తెల్లారగట్ల నాలుగింటికి
రామమూర్తినగర్ సెల్లారులో
బండికి స్టాండేసి
పక్కన పాత పేపరు పరుచుకుని కూర్చుంటాను.

పెట్రోలు బండి ఉన్నప్పుడు ఈ పని లేదు.
దాని ఇంజను అరుపులో
వదులైనవన్నీ దాక్కునేవి.
ఇది కరెంటుది, దీనికి గొంతు లేదు.
అందుకే ఒక్క వాషరు అలిగినా
వీధంతా వినపడుతుంది.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర మెట్రో కోసం తవ్వి వదిలేసిన దారి,
హొరమావు అండర్‌పాసు నీళ్ళ కింద గుంత,
కగ్గదాసపుర రైలుగేటు పట్టాలు,
రోజుకి అరవై కిలోమీటర్లు
ఒక్కో మరనీ వెంట్రుకవాసి వెనక్కి తిప్పుతాయి.
ఎవరి చేతిలోనూ స్పానరుండదు.

వెనక పెట్టెలో నేను మోసేది రక్తం.
ఎర్రమూత గొట్టాలు, ఊదామూత గొట్టాలు,
పేరూ వయసూ రాసిన స్టిక్కర్లు.
కుదిపితే చెడిపోతాయి.
ఒళ్ళు దాటి బయటికొచ్చాక
రక్తానికి ఓపిక తక్కువ.

ముందు అద్దాలు. తర్వాత హ్యాండిలు మెడ.
ఫుట్‌బోర్డు కింద నాలుగు,
వాటికి వంగి, చెంప నేలకానించి చూడాలి.
ప్రతి బోల్టు తల మీంచి చట్రం మీదికి
గోళ్ళరంగుతో ఒక గీత గీసి పెట్టుకున్నాను.
చెల్లెలి పెళ్ళికి కొన్న సీసా, ముదురు వంకాయరంగు.
ఎప్పుడూ గ్లవుజుల్లో ఉండే గోళ్ళకి
వేసుకునే రోజు మళ్ళీ రాలేదు.
గీత తిన్నగా ఉంటే బోల్టు కదల్లేదు.
సగం తల మీదా సగం చట్రం మీదా
ఒకదాన్నొకటి చూసుకోకుండా ఉంటే
కదిలినట్టు.

ఈ వారం మూడు.

నంబరు ప్లేటుది చిన్నది, లెక్కలోది కాదు.
పెట్టె కూర్చునే కమ్మీది పావుచుట్టు.
మూడోచోట గీత సగమే ఉంది.
బోల్టే లేదు.
వెనక బ్రేకుని పట్టుకునే రెండింట్లో ఒకటి.
బెజ్జంలో చిటికెనవేలు పెట్టాను,
లోపల మరలు చల్లగా, పదునుగా.
ఎప్పుడు రాలిందో,
మంగళవారం హెణ్ణూరు రోడ్డు వానలోనో,
ఎన్ని రోజులు ఆ ఒక్కదాని మీదే
నేనూ, ఇందరి రక్తమూ ఆగామో.

వాచ్‌మన్ రుద్రప్పది రాయచూరు.
నీళ్ళ మోటారు సామాను డబ్బా కుమ్మరించి
అదే కొలతది ఒకటి ఏరి ఇచ్చాడు.
"ఈ పూటకే. రేపు షోరూముకి పో.
జాస్తి బిగించాకమ్మా, మర తెగిపోతాది."
ఎక్కడ ఆపాలి మరి, అంటే
"చెయ్యికి తెలుస్తాది" అని
బీడీ వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.
తిప్పాను. ఇంకాస్త. మణికట్టు దాకా
చిన్న బిగువొకటి ఎక్కొచ్చింది.
ఆపాను.
కొత్త గీత తడి ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.

ఆరింటికి లింగరాజపురంలో మొదటి ఇల్లు,
టైలరు ఫ్లారెన్సు ఆంటీ.
కుడిపక్క పడిపోయి నాలుగు నెలలు.
మిషను మీద ఎవరిదో జాకెట్టు
ఒక చెయ్యి కుట్టి అట్లాగే ఉంది.
ఎడమ జబ్బకి రబ్బరు పట్టీ కట్టి
రోజుకి నలభైసార్లు అనే మాటే అన్నాను,
"పిడికిలి బిగించండి."
ఎడమ చెయ్యి బిగించింది.
ఒళ్ళో, దుప్పటి అంచు మీద
కుడిచేతి బొటనవేలు కూడా
తననే అన్నారనుకుని
వెంట్రుకవాసి లోపలికి తిరిగింది.

"ఇప్పుడు వదలండి."
ఎడమది వదిలింది.
కుడిది వదల్లేదు.

ఆంటీ గోడ మీది క్యాలెండరు చూస్తోంది.
నేనేమీ అనలేదు.
దుప్పటి పువ్వు మీద ఆ వేలు ఎక్కడ ఆగిందో
గుర్తు పెట్టుకున్నాను.
శుక్రవారం మళ్ళీ రావాలి.

ఫ్లైఓవరు దిగేటప్పుడు పెట్టె చప్పుడు చెయ్యలేదు.
ముందు ఎవరూ లేరు, సిగ్నలూ లేదు.
ఊరికే రెండుసార్లు
బ్రేకు నొక్కి చూశాను.