లోపలి కవరు

జుఫైర్‌ల మా కొరియర్ కౌంటర్ ముంగట
అక్టోబరు వస్తే లైను మారుతది.
ఖర్జూరం డబ్బాలు, అత్తరు సీసాలు,
ఊళ్లకు పోయే కంబళ్లు వెనక్కి జరిగి
పల్చటి కవర్లు ముందుకొస్తయి.
కాంటా మీద పెడితే ముప్పై, ముప్పై అయిదు గ్రాములు.

పదకొండేండ్ల సంది చూస్తున్న.
వాళ్లకన్న నాకే ఎక్కువ ఎరుక.
కాగితం లోపలి కవర్ల,
లోపలి కవరు బయటి కవర్ల.
పిన్ను కొట్టొద్దు.
తారీఖు రాసేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత,
వాళ్ల లెక్క తలకిందులు.
నేవీల ఇంజన్లు బాగుచేసే పిల్లగాడు ఒకడు
ఈడి అలవాటున రోజు ముందు రాసిండు.
కొట్టేసి దిద్దకు, కొత్త ఫారం తెచ్చుకోమన్న.
టేపు మిషను పట్టుకున్నోనికి
ఇదంతా ఎట్ల తెలుసని
నా దిక్కు అట్లనే చూసిండు.

ఓడ కదిలే ముందురోజైతే ఉరికొస్తరు.
పోస్టు అందదని భయమున్నోళ్లు స్కాన్ చెయ్యమంటరు.
కొన్ని రాష్ట్రాలు ఈమెయిలుకు ఒప్పుకుంటయట,
కొన్ని ఫ్యాక్సుకు, కొన్ని దేనికీ ఒప్పుకోవు.
ఈమెయిలైతే ఇంకో కాగితం మీద సంతకం పెట్టాలె,
నా ఓటు రహస్యాన్ని నేనే వదులుకుంటున్న అని.
అప్పుడు నేను గోడ దిక్కు తిరుగుత.
గోడకున్నది రేట్ల పట్టిక.
హైదరాబాదుకు కిలో ఎంత, మనీలాకు ఎంత,
నాకు నోటికొచ్చు, అయినా చదువుత.
వెనక మిషన్ల పచ్చటి వెలుగు జరుగుతుంటది.

పక్క కౌంటర్ మేరీసెల్‌ది.
వాళ్ల దేశం ఎన్నికలప్పుడు ఎంబసీకి పోయి
బువ్వ తినే యాళ్లకు ఓటేసొచ్చింది.
లింబాద్రీ, మీది ఎప్పుడు?
అయిపోయింది, ఎండకాలంల.
ఎట్ల వేసినవు?

మాది ఎట్లంటే, మనిషి పోవాలె.
మేడిచెలిమ బడి, రెండో గది,
వరుస సంఖ్య నాలుగు వందల పన్నెండు.
పేరున్నది, అదే గొప్ప.
నడుమ ఒకసారి ఊర్ల లేడని కొట్టేసిండ్రు,
పాస్‌పోర్టు నకలు పెట్టి ఫారం పంపితే మళ్ల ఎక్కిచ్చిండ్రు.
మా అన్న కొడుకు లడఖ్‌ల సిపాయి,
వానికి కాగితం కంప్యూటర్ల వస్తది,
నింపి పోస్టుల ఏస్తడు.
నాకు రాదు. నేనేమన్న సరిహద్దు కాస్తున్ననా,
డబ్బాలకు టేపు ఏస్తున్న.
పోను రాను టికెటు రెండు నెలల జీతం.

పోలింగు ముందు రాత్రి మా ఊరి లీడరు ఫోన్ చేసిండు.
నన్ను ఓటడగలె.
ఇంట్ల ఎన్ని ఓట్లున్నయో అన్నిటికీ చెప్పమన్నడు.
తెల్లారి గంగామణి వేలు ఫోటో పంపింది.
ఎవలకేసినవని అడిగిన.
చెప్పొద్దట, అని రాసింది.

నా ఓటు ఇంకా పెద్ద రహస్యం.
నాకు కూడ తెల్వది.

మొన్న బేస్తారం, షట్టర్ దించే యాళ్లకు
ఒక ముసలామె వచ్చింది, పిల్లలకు పియానో చెప్తదట.
వాళ్ల రాష్ట్రంల ఓటుకు సాక్షి కావాలె.
పరాయి దేశపోడైనా ఫరవాలేదని
అద్దాలు పెట్టుకొని చదివి వినిపించింది.
ఖాళీ కాగితం నాకు చూపెట్టింది,
అటు తిరిగి నింపింది,
మడిచి కవర్ల పెట్టి అంటించింది,
పెన్ను నా చేతికిచ్చింది.

ఈ దేశంల నా సంతకాలు
జీతం కాగితం మీద, గది కిరాయి మీద,
పాస్‌పోర్టు సేటు దగ్గర దాచుకొమ్మన్న చీటీ మీద.
అన్నీ ఇంగ్లీషుల గీకిన గీతలే.
దీని మీద తెలుగుల పెట్టిన,
బడిల దిద్దిచ్చినట్టు గుండ్రంగ, ఇంటిపేరుతోటి,
కొక్కుల లింబాద్రి.
ఏం భాష అని అడిగింది. చెప్పిన.
అందంగున్నదన్నది, ఊకెనే అన్నదేమో.

కింద సాక్షి అడ్రసుకు రెండు గీతలున్నయి.
ఈడి క్యాంపుదా, ఆడిదా అని ఆగిన.
మేడిచెలిమ అని రాసిన.
తారీఖు మాత్రం
నెల ముందు, రోజు తర్వాత.