రేకు గొట్టం

పొద్దుగూకాక మా పాప
సాంఘికం పుస్తకం బిగ్గరగా చదువుతోంది:
"దక్షిణాఫ్రికాలో పదహారేళ్లు నిండిన నల్లవారు
పాసు పుస్తకం దగ్గర పెట్టుకునే తిరగాలి.
అనుమతి లేకుండా పట్నంలో
మూడు దినాలు మించి ఉంటే నేరం."

చాటకు అంచు కడుతున్న మా అమ్మ జాలమ్మ
నోట్లో ఈనె తియ్యకుండానే అడిగింది:
"ఏ వూరే అది? కావలి అవతలా?"

సముద్రం అవతల అవ్వా.

"ఓహో. ఆడ కూడానా."

పాప పేజీ తిప్పింది.
పుట్టిన నేల మీదే వాళ్లను పరాయివాళ్లను చేసి
ఎక్కడో ఎండిన చెక్క ఒకటి చూపించి
ఇదే మీ స్వదేశం పొండి అన్నారట.

"మాకు తిప్ప చూపించారు," అంది అమ్మ.
"ఇసక తిప్ప. చుట్టూ కంచె.
చెలమలో నీళ్లకు పోవాలన్నా చీటీ.
బిట్రగుంట సంతకు చీటీ.
ఆ సంతలో ఏ పొద్దుకు అడుగుపెట్టిందీ
ఆ వూరి మునసబు రాసియ్యాల."

ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు.
రైలు రాకముందు మా వాళ్లు
గాడిదల మీద ఉప్పు తోలేవాళ్లు,
తీరాన కొటార్ల నుంచి ఉదయగిరి కొండల దాకా.
రైలొచ్చి ఉప్పును ఎత్తుకుపోయింది.
గాడిదలు మిగిలాయి, మేం మిగిలాం.
పనిలేక దారిన నడిచేవాడు
పుట్టుకతోనే దొంగ అని ఎక్కడో ఒక కాగితం పుట్టింది.
ఇప్పుడా పట్టాలకే నేను గ్యాంగుమన్ని.
నవ్వాలో ఏమో, ఇరవై రెండేళ్లుగా తేలలేదు.

మా అమ్మమ్మ ఊరూరా చేతులు చూసి సోదె చెప్పేది.
ఆ చేతిని సిరాబిళ్ల మీద నొక్కి
వాళ్లూ చూశారు.
ఆమెకు అందరి చేతుల్లో పెళ్లిళ్లు కనిపించేవి,
పోయిన ఆవు కనిపించేది,
అలిగిపోయిన అల్లుడు కనిపించేవాడు.
వాళ్లకు పది వేళ్లలోనూ ఒకే మాట కనిపించింది.

రాత్రి పదకొండుకు గంట. మళ్లీ మూడింటికి గంట.
పేరు పిలిస్తే "ఉండా" అనాల.
జొరమొచ్చినోడూ అనాల, నెలలు నిండినామే అనాల.
"నీకంటే ముందు ఒకడు," అంది అమ్మ నా వైపు చూడకుండా,
"రెండు గంటల నడుమ పుట్టి, ఆ నడుమనే పోయినాడు.
ఏ పుస్తకంలోనూ ఎక్కలా.
మా అందర్లో చీటీ లేకుండా వచ్చి
చీటీ లేకుండా పోయినోడు వాడొక్కడే."

పాప చదవడం ఆపింది.
కాసేపు ఈతబద్ద చీలుతున్న చప్పుడు.

తర్వాత, ఊరడించడానికేమో,
ఇప్పుడు అక్కడ ఆ చట్టాలన్నీ ఎత్తేశారంట అవ్వా,
రేడియోలో చెప్పారు, అంది.

"ఎత్తేసినాక
ఆ చీటీలేం చేసుకున్నారంట?"

పాప పేజీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది.
పుస్తకంలో లేదు.

మా చూరులో ఒక రేకు గొట్టం ఉంది.
చెమ్మ తగలకుండా తాత తన చీటీ దాచింది అందులోనే.
చట్టం పోయిందని చాటింపు వేసిన రోజు
తిప్ప మీద అందరూ పొయ్యిలో వేశారట.
ఆయన వెయ్యలేదు. "మళ్లీ అడగతార్రా," అన్నాడట.
పోయిన వేసవిలో చేలో కరెంటు మోటారు పోతే
ఎవరి ఇంటా ఆగకుండా
జీపు నేరుగా మా వీధికే వచ్చింది.
చూరు కేసి చూసింది అమ్మ. గొట్టం దించలేదు.

తొమ్మిదిన్నర. నాకు రాత్రి డ్యూటీ.
లాంతరు, సుత్తి, రెండు జెండాలు సర్దుకున్నాను.
గడప దాటేటప్పుడు రోజూ అడిగేదే అడిగింది:
"చీటీ పెట్టుకున్నావా?"

రైల్వే వాళ్లిచ్చిన పాసు అమ్మా,
దాంతో ఎక్కడికైనా పోవచ్చు, ఎవురూ ఆపరు.
ఎన్నిసార్లు చెప్పుంటానో.

"పెట్టుకున్నావా?"

జేబులోంచి తీసి ఇచ్చాను.
ఆమెకు చదవడం రాదు.
బల్బు వెలుతురుకు ఎత్తి పట్టి
ముద్ర ఉందో లేదో వేలితో తడిమి చూసి
నాలుగు మడతలు పెట్టి
నా జేబులో తనే పెట్టింది.