సామి కటింగు

తెల్లారి నాలుగింటికి ఫిలోమినమ్మ సిస్టరు ఫోను.
"సామి వెళ్ళిపోయాడు. నీ పెట్టె తీసుకుని రా."
ఏ పెట్టె అని అడగలేదు నేను.

కత్తి, కత్తెర, దువ్వెన, పటిక ముక్క.
బ్లేడు ఒక్కటి చాలని తెలుసు,
ప్యాకెట్టు మొత్తం జేబులో వేసుకున్నాను.

గుంతకల్లు ఇంకా లేవలేదు.
స్టేషను ఎదుట ఉగ్గాని బండి దగ్గర
ఖాజా బొరుగులు నానబెడుతున్నాడు.
"ఇంత పొద్దున్నే ఎవరికప్పా పెళ్ళి గడ్డం?"
చెప్పలేదు. చెబితే పొయ్యి ఆర్పేస్తాడు.
వాడిదీ మా వరసే, పదకొండో చాప.

షోలాపూరు వైపు నుంచి వచ్చిన బండి
నేను దిగానో, నన్ను దించారో.
తలనిండా పేలు, చెవి వెనక పుండు,
నోట్లో ఒక్క తెలుగు ముక్క లేదు.
తెల్ల అంగీ మనిషి ఎదురుగా గొంతుకూర్చుని
నా తల వాసన చూశాడు.
పేరు అడగలేదు.
మూతబడిన చెనిక్కాయల మిల్లులో
నూనెచెక్క కంపు కొట్టే గచ్చు మీద కూర్చోబెట్టి
గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరతో
జుట్టంతా దించేశాడు.

ఆ మిల్లే మొదటి హోము.
తర్వాత గుత్తిలో ఒకటి,
ఆడపిల్లలకు పత్తికొండలో ఒకటి.
బోర్డులు మారాయి, కత్తెర మారలేదు.

వేదాంతం ఏ ఊళ్ళో చదివాడో గానీ
క్షవరం ఎక్కడా చదవలేదు శౌరప్ప సామి.
శనివారం నలభై తలలు:
ఒకపక్క మిట్ట, ఒకపక్క గుంట,
వాన ఎగ్గొట్టిన ఏడు మొలిచిన చేనులాగా.
"ఎలక కొరికిన తలకాయలు వచ్చినాయిరా" అని
మునిసిపల్ బడంతా నవ్వేది.
తొమ్మిదిలో ఉండగా కత్తెర లాక్కున్నాను.
"నువ్వు పూజ చేసుకో సామీ, ఇది నాకొదిలెయ్."
అలిగాడు. రెండు రోజులు మాటల్లేవు.
మూడోరోజు వచ్చి
నా ముందు తల వంచి కూర్చున్నాడు.

దేవదూత ఏం కాదు. కోపిష్టి.
చిన్న ఈరప్పను ఒకసారి బెల్టుతో కొట్టి
రాత్రంతా వాడి చాప పక్కనే కూర్చున్నాడు.
కాస్త కునుకు పట్టింది. వాడు లేచి బండెక్కేశాడు.
ఆ తర్వాత ఎన్నేళ్ళో
హంపి ఎక్స్‌ప్రెస్ వేళకు ప్లాట్‌ఫారం మీదే సామి,
టార్చిలైటు పట్టుకుని, పెట్టె పెట్టెకూ.
ఈరప్ప దొరకలేదు.
దొరికినవాళ్ళలో ఖాజా ఒకడు.

నేను అంగడి పెడితే సంఘం వాళ్ళు వచ్చారు.
"నువ్వు మావాడివా? ఏ ఇంటివాడివి?"
ఆ ప్రశ్నకు నా దగ్గర ఎన్నడూ జవాబు లేదు.
సామి స్కూటరు ఆపి, హెల్మెట్టు తీసి
తల చూపించాడు.
"వీడు చేసిందే. తప్పుంటే చెప్పండి."
ముసలి సుంకన్న చుట్టూ తిరిగి
మెడ మీద వేలు పెట్టాడు.
"ఇక్కడ నూలుపోగంత ఎక్కువ తీసినాడు."
అంతే. మరుసటి రోజు అంగడి తెరిచాను.

ఇప్పుడు గదిలో ఒక బల్బు.
పెద్దసాములు కర్నూల్లో బయల్దేరారట.
నురగ పట్టించాను. చెంప చల్లగా ఉంది.
"మెల్లగా రా, తోలు నాది" అనే మాట కోసం
చెయ్యి రెండుసార్లు ఆగింది.
బట్టలు మార్చేటప్పుడు చూశాను,
నడుముకు బెల్టు లేదు.
మంచం నవారు ముక్క, ముడి మీద ముడి.
ఎప్పటినుంచో సిస్టరుకూ తెలియదు.
నాకు తెలుసు.

చివరికి జుట్టు.
నున్నగా, కొలిచినట్టు దించుకుంటూ వచ్చి
ఎడమ చెవి వెనక
కావాలనే ఒక కుచ్చు ఒంకరగా వదిలేశాను.

పొద్దెక్కాక జనం.
ఖాజా బండి నెట్టుకుంటూనే వచ్చాడు, పొయ్యి వెలుగుతూనే ఉంది.
సుంకన్న కర్ర ఊతంతో శవపెట్టె చుట్టూ తిరిగాడు,
వంగాడు, చెవి దగ్గర వేలు ఆపాడు.
"ఇక్కడ తప్పు పోయిందిరా."

"తెలుసు తాతా," అన్నాను.
"అది మా ఇంటి గుర్తు."